రెండు పిల్లలమర్రుల నడుమ

పిల్లలమర్రికి దారి యేదని అడిగితే సూర్యాపేటలో ఒక ఊరి వైపు చెయ్యి చూపిస్తారు. మహబూబునగరంలో అదే ప్రశ్నకు ఒక చెట్టు వైపు చూపిస్తారు. మొదటిది కాకతీయుల నాటి గుళ్లున్న పల్లె. రెండవది యేడువందల యేళ్లదని జనం చెప్పుకునే మర్రిమాను. ఈ రెంటికీ నడుమ వున్నదే దక్షిణ తెలంగాణం: ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే రాళ్ల గుట్టలు, తాటివనాలు, కందిచేలు, మగ్గాల చప్పుడు వినిపించే ఊళ్లు, వలస బస్సుల కోసం మూటల మీద కూర్చున్న మనుషులు. ఆ పిల్లలమర్రి నుంచి ఈ పిల్లలమర్రికి ఆరు రోజులు ప్రయాణం చేశాం, నేనూ నా మిత్రుడూ.

మిత్రుడు చిత్రకారుడు. యే పత్రికలోనూ ఉద్యోగి కాడు. కథలకు బొమ్మలు, పుస్తకాలకు అట్టలు, పిల్లల వాచకాలకు కాకులూ కుందేళ్లూ అడిగిన వారికి వేసి ఇస్తాడు. డబ్బు వచ్చినప్పుడు పుచ్చుకుంటాడు. రానప్పుడు మరో బొమ్మ వేస్తాడు. పేరు రాయవద్దన్నాడు కనుక మిత్రుడనే అంటాను. ఆయన సామానంతా ఒక గుడ్డసంచీ. అందులో రెండు పుస్తకాలు, ఒక సిరాబుడ్డి, నాలుగు పాళీలు, ఒక కుంచె, నీళ్లసీసా. పెన్సిలు లేదు. ఎందుకు లేదని అడిగితే, "పెన్సిలుంటే రబ్బరు వుంటుంది, రబ్బరుంటే భయం వుంటుంది" అన్నాడు.

ఆయనకొక నియమం వున్నది. ఎవరి బొమ్మ వేసినా, ఎవరి ఇల్లు వేసినా, అక్కడి నుంచి లేవకముందే వాళ్లకు చూపించాలి. చూపించకుండా సంచీలో పెట్టుకుని పోవడం దొంగతనం వంటిదని ఆయన అభిప్రాయం. వినడానికి బాగానే వున్నది కాని, వెంట వున్నవాడికి ఇది పెద్ద శిక్ష. ఒక బొమ్మ చూపిస్తే పదిమంది చేరతారు. పదిమందికీ పది అభిప్రాయాలు. ఆ తరువాత చాయ్. చాయ్ తాగుతుండగా ఇంకొకడు తన మేకను తీసుకువస్తాడు.

సూర్యాపేట పిల్లలమర్రి పట్టణానికి పట్టుమని అయిదారు కిలోమీటర్లు కూడా వుండదు. రేచర్ల రెడ్డి ప్రభువుల ఊరు అది. నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం 1202 నాటిది. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించిన ఎరకేశ్వరాలయం 1208 నాటిది. ఒక ఆడమనిషి తన పేర గుడి కట్టించి శాసనం వేయించుకున్న ఊరు గనుక దీనికి నేను ప్రత్యేకంగా నమస్కారం పెడతాను. నల్లరాతి స్తంభాలకు ఇప్పటికీ అద్దంలా మెరుపు. చూసేవారి కళ్లు ఆ శిల్పం మీదనే ఆగిపోతాయి. కాని మిత్రుడు వచ్చింది శిల్పం కోసం కాదు. నామేశ్వరాలయంలో తలయెత్తి పైకి చూస్తే కాకతీయుల కాలపు వర్ణచిత్రం ఆనవాళ్లు కనబడతాయి. క్షీరసాగర మథనం. కాకతీయుల చిత్రకళలో మనకు మిగిలినవే బహు కొద్ది, అందులో ఇదొకటి.

చిత్రం అన్నాను గాని, చూడగానే చిత్రమని తెలియదు. పొగచూరిన మరకలా వుంటుంది. మిత్రుడు అరగంటసేపు పుస్తకం తెరవలేదు. తల వెనక్కి వాల్చి, మెడ పట్టేసేదాకా చూస్తూ కూర్చున్నాడు. అదే ఆయన పద్ధతి: మొదట చెయ్యి కట్టుకుని చూడడం. ఆ తరువాత బొటనవేలంత బొమ్మలు నాలుగైదు గీస్తాడు. వాటిలో ముఖాలుండవు, ఏది బరువు, ఏది తేలిక, చూపు ఎక్కడ మొదలై ఎక్కడికి పోవాలి అన్నది మాత్రమే వుంటుంది. వాటిలో ఒకటి నచ్చితే అప్పుడు పాళీ సిరాలో ముంచుతాడు. "రంగు పోయింది చూడు, గీత పోలేదు" అన్నాడు గీస్తూ. నిజమే. తెల్లా పసుపూ యెప్పుడో రాలిపోయాయి. రూపాల అంచులు కట్టిన గీత మాత్రం ఎనిమిది వందల యేళ్లుగా రాతిని పట్టుకుని వేలాడుతున్నది.

బొమ్మ పూర్తయ్యేసరికి పక్కన ఒక కుర్రవాడు నిలబడి వున్నాడు. ఆ ఊరివాడే. పుస్తకంలోకి తొంగిచూసి, "గీళ్లు పామును గుంజుతుండ్రు గదా!" అన్నాడు. అని పైకి చూశాడు. మళ్లీ పుస్తకం చూశాడు. మళ్లీ పైకి. "అగో, నిజంగనే పామున్నది!" ఆ గుడిలో ఆడుకుంటూ పెరిగినవాడు అప్పుడే దాన్ని చూశాడన్నమాట. వెంటనే పరుగెత్తి మరో ముగ్గురిని పిలుచుకువచ్చి, మా పుస్తకంతో పని లేకుండానే, వేలెత్తి వాళ్లకు చూపించడం మొదలుపెట్టాడు. మిత్రుడి ముఖం చూడాలి అప్పుడు. పుస్తకపు అట్టలకు ఆయన అందుకున్న పారితోషికాలు అన్నీ కలిపినా అంత వెలుగు వచ్చివుండదు.

రాత్రి సూర్యాపేటలో బస. పగలు గీసిన బొమ్మను మిత్రుడు దళసరి కాగితం మీద తిరిగి వేస్తాడు. తిరిగి వేయడమంటే నకలు తీయడం కాదు, తీసివేయడం. పగటి బొమ్మలో నూరు గీతలుంటే రాత్రి బొమ్మలో నలభై మిగులుతాయి. దీనికొక చరిత్ర వున్నదని చెప్పాడు. పాత వారపత్రికల్లో బొమ్మను జింకు రేకు మీద ఆసిడ్‌తో తినిపించి బ్లాకు చేసేవారు. ఆ బ్లాకుకు నలుపు తెలుసు, తెలుపు తెలుసు. నడిమి బూడిదరంగు తెలియదు. నీడ కావాలంటే చుక్కలు పెట్టాలి, లేదా సన్నని గీతలు అల్లాలి. గీతలు మరీ దగ్గరైతే అచ్చులో సిరా నిండి ముద్దయిపోతుంది. అందుచేత ఆనాటి చిత్రకారులు తక్కువ గీతలతో ఎక్కువ చెప్పడం నేర్చారు. 2014లో కన్నుమూసేదాకా గీసిన బాపు గీతకు ఆ పొదుపు అలా వచ్చిందేనని మిత్రుడి వాదం. బ్లాకులు పోయి, ఆఫ్‌సెట్టు వచ్చి, ఇప్పుడు ఏ రంగు కావాలంటే ఆ రంగు వస్తున్నా, ఈయన చెయ్యి మాత్రం ఆ జింకు రేకుకు జడుస్తూనే వున్నది.

గీత అంటే జ్ఞాపకం వచ్చింది. ఈ జిల్లాకు గీతతో ఏదో చుట్టరికం వున్నది. వ్యంగ్య చిత్రకారుడు శేఖర్ సూర్యాపేటవాడే. జబ్బుతో మంచాన పడిన రోజుల్లోనూ కలం దించకుండా 2014 మే 19న కన్నుమూశాడు. పామర్తి శంకర్ నల్లగొండవాడు. నెల్సన్ మండేలా ముఖాన్ని గీసి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో అగ్ర బహుమతి గెలుచుకున్నాడు. ఇక ఏలే లక్ష్మణ్ ఊరు కదిరేనిగూడెం. పాత నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. సైన్‌బోర్డులు రాయడంతో మొదలుపెట్టి, లెక్కలేనన్ని తెలుగు పుస్తకాలకు ముఖచిత్రాలు వేసి, 2014లో కొత్త రాష్ట్రానికి అధికార చిహ్నం రూపొందించినవాడు. కాకతీయ తోరణమూ చార్మినారూ ఉన్న ఆ గుండ్రని ముద్ర ప్రతి సర్కారు కాగితం మీదా చూశాం. వేసినవాడి ఊరు మాత్రం చాలామందికి తెలియదు. నాకు నచ్చేది ఆ ముద్రకంటే ఆయన వరసగా వేసుకుంటూ పోయిన తన ఊరి మనుషుల బొమ్మలు. ముడతలు పడిన ముఖాలు, తలపాగాలు, ముక్కుపుడకలు.

ఇంతమంది ఇక్కడే ఎందుకు పుట్టారు? ఇక్కడి గుట్టలే కారణమంటాడు మిత్రుడు. ఆకాశానికి ఎదురుగా రాయి అంచు అంత స్పష్టంగా కనిపించే చోట పెరిగిన పిల్లవాడికి గీత దానంతటదే కంట్లో పడుతుందట. రాళ్లు రాయలసీమలో మాత్రం లేవా అన్నాను నేను. ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు సిరాబుడ్డి మూత బిగించడం ఆయన అలవాటు.

నల్లగొండ పక్కనే పానగల్లు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి లోపల నిలువునా ఒక నీడ పడుతుంది. సూర్యుడు కదిలినా అది పగలంతా కదలదు. తిన్నగా యెండ పడక, స్తంభాల మీదుగా చెదిరిన వెలుగు లోపలికి రావడం వల్ల అలా జరుగుతుందని తెలిసినవారు వివరిస్తారు. నీడ ఎక్కడ వేయాలా అని జీవితమంతా సతమతమయ్యే మనిషిని అక్కడికి తీసుకుపోవడం నాకొక వేడుక. ఆయన మాత్రం బొమ్మ వేయలేదు. "ఇది వేసేవాడు వేసేశాడు" అని బయటికి వచ్చేశాడు.

మునుగోడు దారిలో తాటివనం దగ్గర ఆగాం. గౌడన్న ఒకడు చెట్టు మీద వున్నాడు. మిత్రుడికి సంబరం. దిగేలోపల బొమ్మ అయిపోయింది: చెట్టు, నడుముకు ముస్తాదు, మోకు, పైన లొట్టి. చాలా బాగుందనుకున్నాం ఇద్దరమూ. గౌడన్న దిగివచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని, పుస్తకం అందుకుని, కడుపుబ్బ నవ్వాడు.

"గిదేంది సారూ! చెట్టును గిట్ల కావలిచ్చుకుంటే నేనేమన్న పెండ్లాన్ని పట్టుకున్ననా? మోకుల కూసున్నట్టు ఎనుకకు వాలాలె. మోకు మీద పానం పెట్టాలె. అప్పుడే రెండు చేతులు ఖాళీ అయితయి, గీసుడు అయితది."

చెప్పడమే కాదు, మోకు మళ్లీ బిగించి నాలుగడుగులు ఎక్కి, వెనక్కు వాలి, రెండు చేతులూ వదిలి చూపించాడు. భయపడేవాడు చెట్టును కౌగిలించుకుంటాడు. పని తెలిసినవాడు తాడును నమ్ముతాడు. ఆ ఒక్క వాలులో ఆ వృత్తి అంతా వున్నది. రెండో బొమ్మ వేశాక గౌడన్న తల వూపి, "ఇగ వీడు గౌండ్లోడు" అన్నాడు. ఇద్దరికీ కల్లు పోశాడు. డబ్బు పుచ్చుకోలేదు. తప్పు బొమ్మను మాత్రం తనకిమ్మని అడిగాడు. ఎందుకంటే సాయంత్రం తోటివాళ్లకు చూపించి నవ్వించడానికట.

పుట్టపాకలో మగ్గాల వాళ్లు అంత సులభంగా నవ్వరు. తేలియా రుమాలుకు పేరుపడిన ఊరు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆ తరువాత రంగు వేస్తారు. ఒకప్పుడు చీరాల వైపు నుంచి అరబ్బు దేశాలకు ఓడలెక్కిన సరుకు ఇది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ తెలుసుకోవలసింది ఒకటి వున్నది. మామూలుగా బట్ట నేసి దాని మీద బొమ్మ అద్దుతారు. వీళ్లు నేతకు ముందే, విడి నూలుపోగుల మీద, ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ దారంతో కట్టి అద్దకం వేస్తారు. మగ్గం మీదికి ఎక్కి పోగూ పోగూ కలిసినప్పుడే ఆ బొమ్మ పుడుతుంది. చిత్రకారుడి చేతిలోని కాగితం ఇంకా తయారు కాకముందే బొమ్మ వేసినట్టన్నమాట. ఒక్క పోగు జరిగితే ఏనుగు తొండం విరుగుతుంది.

అందుకోసం ముందు గళ్ల కాగితం మీద చుక్క చుక్కగా లెక్కవేసుకుంటారు. ఒక పెద్దాయన మిత్రుడి పుస్తకం తిరగవేసి, "మీ గీత నడుస్తది. మాది మెట్లెక్కుతది" అన్నాడు. ఒక చిత్రకళా విమర్శకుడు రెండు పేజీల్లో చెప్పేది ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. ఆసు పోసే దగ్గర కూర్చున్న ఆవిడ బొమ్మ వేస్తుంటే, "చెయ్యి ఒక్కటే ఏస్తవేంది? అది యెన్ని వేల మాట్ల ఆడుతదో ఎట్ల ఏస్తవ్?" అని ఆవిడే అడిగింది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే ఆ చెయ్యి వేలసార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేట యువకుడు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి తల్లి లక్ష్మి పేరే దానికి పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆవిడ ప్రశ్నకు మాత్రం మిత్రుడు ఆ రాత్రి చాలాసేపు తన్నుకున్నాడు. చివరకు ఒకే చేతిని ఒకదాని మీద ఒకటిగా, పల్చని సిరాతో, పదకొండుసార్లు వేశాడు. విసనకర్రలా వచ్చింది.

ఇంకొక మాట కూడా అన్నారు అక్కడ. ఆరునెలలు కష్టపడి కొత్త నమూనా తీస్తే, అది బజారుకు పోయిన నెలకే మిల్లు గుడ్డ మీద అచ్చయి వస్తుందట. మిత్రుడు పకపకా నవ్వాడు. ఆయన వేసిన అట్టబొమ్మ ఒకటి ఇంకెవరి పుస్తకం మీదనో, సంతకం కత్తిరించుకుని, ప్రత్యక్షమైన కథ చెప్పాడు. మరి చూపించడం మానేయరాదా అన్నాను. పెద్దాయనా మిత్రుడూ ఇద్దరూ ఒకేసారి నా వంక చూశారు, తిండి మానేయరాదా అని అడిగినవాణ్ణి చూసినట్టు.

అక్కడికి దగ్గరే మర్రిగూడ. పేరులో మర్రి వున్నా మేము పోయింది మర్రి కోసం కాదు. నల్లగొండ నీళ్ల కథ పాఠకులకు కొత్త కాదు. ఇక్కడి నల్లరాతి పొరల్లోని ఫ్లోరైడు బావినీళ్లలో కలుస్తుంది. లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. అంతకు యెన్నో రెట్లున్న నీళ్లే ఇక్కడి తరాలు తాగాయి. ముందు పళ్లు గారపడతాయి, తరువాత కీళ్లు బిగుస్తాయి, ఆ తరువాత వెన్నూ కాళ్లూ వంగిపోతాయి. మన దేశంలో ఈ జబ్బును 1937లో నెల్లూరు ప్రాంతంలో గుర్తించారు. పేరు మాత్రం నల్లగొండకు స్థిరపడింది. పటికా సున్నమూ వేసి నీటిని శుద్ధిచేసే పద్ధతి ఒకటి నాగపూరులోని పరిశోధన సంస్థ కనిపెట్టింది. దాని పేరే 'నల్లగొండ పద్ధతి'. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే దాన్ని పిలుస్తారు. ఊరి పేరు ప్రపంచానికి ఇలా తెలియాలని యే ఊరూ కోరుకోదు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మంచినీటి పథకానికి శంకుస్థాపన జరిగి, తరువాత కృష్ణానీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. పిల్లలు బాగానే వున్నారు. కాని వంగిన యెముక మంచినీళ్లు తాగినంత మాత్రాన సాగదు.

ఒక ఇంటి అరుగు మీద ఒక తాత కూర్చుని వున్నాడు. రెండు కర్రలు పక్కన ఆనించి వున్నాయి. మిత్రుడు అనుమతి అడిగాడు, తాత సరేనన్నాడు. ఈసారి మిత్రుడు అరగంట చూస్తూ కూర్చోలేదు. అంతసేపు చూడడం మర్యాద కాదనిపించింది కాబోలు. ముఖం మొదలుపెట్టాడు. ఎంత చక్కని ముఖం! తలగుడ్డ, తెల్లని మీసం, కళ్లలో ఒక కొంటెతనం. ముఖం దిగి భుజాలు, భుజాలు దిగి చేతులు. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి పాళీ ఒక్క క్షణం ఆగింది. తరువాత పంచె మడతలు రెండు గీశాడు. వాటి కింద కాళ్లు తిన్నగా వచ్చాయి, ఏ ముసలివాడి కాళ్లయినా వున్నట్టే.

నియమం ప్రకారం చూపించాలి. చూపించాడు.

తాత పుస్తకాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "మూతి మంచిగొచ్చింది" అన్నాడు. ఆ తరువాత వేలు కాళ్ల మీద పెట్టాడు.

"గివి నా కాళ్లు గావు గద బిడ్డా."

మిత్రుడు మాట్లాడలేదు.

"నువ్వు మంచిగనే అనుకున్నవ్. నా పానం చిన్నబోతదని సక్కగ గీసినవ్. గని, నువ్వు సక్కగ గీస్తే ఆ నీళ్ల తప్పు ఎవలకు తెలుస్తది? ఉన్నది ఉన్నట్టు గియ్యి."

కర్రలు రెండూ పక్కకు జరిపి, పంచె మోకాళ్ల పైకి తీసి, కూర్చున్నాడు. ఫొటో తీయించుకునేవాడిలా తల కొంచెం యెత్తి.

రెండో బొమ్మకు ముప్పావుగంట పట్టింది. మిత్రుడు అంత నెమ్మదిగా గీయడం నేనెన్నడూ చూడలేదు. నీడలు లేవు, అల్లిక లేదు. కాళ్ల చుట్టూ ఒక్కటే గీత, ఎక్కడా తెగకుండా, ఆ వంపులన్నీ తిరిగి పాదం దాకా పోయింది. కర్రలు కూడా వేశాడు. తాత చూసి, "ఆఁ, గిది నేను" అన్నాడు. ఇంట్లోంచి కోడలు వచ్చి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. మనుమరాలు ఫోనుతో ఫొటో తీసుకున్నది.

"ఇది పేపర్ల వెయ్యి. పదిమందికి చూపెట్టు" అన్నాడు తాత. మేము లేస్తుండగా మళ్లీ పిలిచాడు. "అదో, ముందుగాల గీసిన బొమ్మ. సక్కటి కాళ్లది. గది నాకిచ్చి పో. ఇంట్ల పెట్టుకుంట."

మిత్రుడు ఆ కాగితాన్ని జాగ్రత్తగా, అంచు చిరగకుండా, పుస్తకం నుంచి వేరుచేసి ఇచ్చాడు. బస్సెక్కి దేవరకొండ కోట కనిపించేదాకా ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

దేవరకొండ, డిండి, కల్వకుర్తి. ఇక్కడి నుంచి పాలమూరు మొదలు. నేల ఎర్రబారుతుంది, గుట్టల మీద సీతాఫలం పొదలు కనిపిస్తాయి. పాలమూరు పేరు చెబితే దేశంలో పెద్ద పెద్ద ఆనకట్టల మీద పనిచేసిన మేస్త్రీలు లేచి నిలబడతారు; 'పాలమూరు కూలీలు' మోయని మట్టి లేదంటారు. కృష్ణా తుంగభద్రలు జిల్లా అంచున పారుతుంటే ఇక్కడివాళ్లు నీళ్లున్న ఊళ్లకు పోయి నీళ్లకు కట్టలు కట్టారు. కొత్త ఎత్తిపోతలు వచ్చి కొన్ని మండలాల్లో పొలాలు పచ్చబడ్డాక వలస తగ్గిందిగాని, బస్టాండులో మూటలు మాత్రం ఇంకా కనిపిస్తూనే వున్నాయి.

కల్వకుర్తి బస్టాండులో అలాంటి ఒక కుటుంబం. పూనా పోతున్నారట. మిత్రుడు మూటలను గీస్తున్నాడు. ఆయనకు మూటలంటే ఇష్టం, ఏ మూట చూసినా అందులో ఏముందో బయటికి తెలుస్తుందంటాడు. ఆరేళ్ల పిల్ల ఒకతె వచ్చి నిలబడి, తన బొమ్మ వేయమన్నది. వేశాడు. చూపించాడు. ఆ పిల్ల తీసుకున్నది, తిరిగి ఇవ్వలేదు. తల్లి కోప్పడింది: "సారుకియ్యే, సారుది గద!" పిల్ల కాగితాన్ని గౌనులోపల దాచుకున్నది. మిత్రుడు వద్దులెమ్మన్నాడు. ఆ పుస్తకంలో అతి మంచి బొమ్మ అదేనని నా అభిప్రాయం. ఇప్పుడది పూనాలో ఏ రేకుల షెడ్డు గోడకు అంటించి వున్నదో! నకలు కూడా లేదు మా దగ్గర. సంపాదకులకు చూపించవలసిన బొమ్మల్లో ఒకటి తగ్గిందని నేను గొణిగాను. "తగ్గలేదు, ఒకటి బట్వాడా అయింది" అన్నాడు.

జడ్చర్ల మీదుగా మహబూబునగరం చేరి, అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు పోతే రెండవ పిల్లలమర్రి.

ఊరి పిల్లలమర్రిలో కళ్లు పైకి పోతే, చెట్టు పిల్లలమర్రిలో కాళ్లు చుట్టూ పోతాయి. మొదలెక్కడో తెలియదు. ఊడలు దిగి, నేల తాకి, వేళ్లూని, తామే మానులై, వాటి నుంచి మళ్లీ ఊడలు. మూడెకరాలకు పైగా నీడ. చెట్టు కింద దర్గా వుంది. పక్కనే పురావస్తు ప్రదర్శనశాల. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగవలసిన గుడి ఒకదాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి నిలబెట్టారు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీకి వచ్చిన సుందరీమణులు కూడా ఈ చెట్టును చూసిపోయారు. చెట్టు వాళ్లను ఏమనుకున్నదో ఎవరూ రాయలేదు.

ఈ చెట్టు చావు తప్పించుకున్నది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చూస్తే లోపలంతా చెదలు. జనాన్ని రానీయకుండా గేటు మూసి, మరుసటి యేడు అటవీశాఖవాళ్లు చెట్టుకు వైద్యం మొదలుపెట్టారు. ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టే, కొమ్మలకు సీసాలు వేలాడదీసి, సన్నని గొట్టాల ద్వారా చుక్క చుక్కగా చెదలమందు ఎక్కించారు. వాలిన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆసరా కట్టారు. చెట్టు చిగిర్చింది.

మిత్రుడికి ఇక్కడ పుస్తకం చాలలేదు. ఒక పేజీలో మొదలుపెట్టిన కొమ్మ పక్క పేజీలోకి, అక్కడి నుంచి ఇంకో కాగితంలోకి పోయింది. చివరకు ఏడు కాగితాలు జిగురుతో అతికించి నేలమీద పరిచాడు. చూడవచ్చిన వాళ్లంతా చుట్టూ మూగారు. ఒకావిడ తన పెళ్లయిన కొత్తలో ఫలానా ఊడ దగ్గర ఫొటో దిగామని కాగితం మీద ఆ ఊడ కోసం వెదికింది. దొరికింది కూడా, లేక దొరికిందని ఆవిడ అనుకున్నది. ఒక బడిపిల్లవాడు కాగితం మీద మానులు లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర తప్పిపోయి మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకున్నాడు.

అక్కడి తోటపని చూసే ముసలాయన మాత్రం చేతులు వెనక్కు కట్టుకుని, ఏడు కాగితాల చుట్టూ ఒకసారి పూర్తిగా తిరిగి వచ్చాడు.

"అన్నీ ఏసినవ్. గీడ సిమిటి దిమ్మెలున్నయి గద, అవేవి?"

బొమ్మలో అందంగా వుండవని వదిలేశానన్నాడు మిత్రుడు.

"అందం గాదయ్యా. అవి లేకుంటే చెట్టెట్ల నిలబడ్డది?"

మిత్రుడు నా వంక చూశాడు. నేను నవ్వు ఆపుకోవడానికి చెట్టు వంక చూశాను. ఆయన సిరాబుడ్డి మూత తీసి, నేలమీద బోర్లా పడుకుని, మూడో కాగితం దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ముసలాయన పక్కన గొంతుక్కూర్చుని, "గీడొకటి... ఆఁ, గీడింకొకటి" అంటూ వేలితో చూపిస్తూ పోయాడు.